అరిగిన కత్తి వేరు, చెడిన కత్తి వేరు



పాత క్షురములు, అనగా మన వాడుకలో మంగలికత్తులు, నేడు అంతర్జాలపు అంగళ్లలో అమ్మకానికి వస్తున్నాయి. ఛాయాచిత్రం చూచి, డబ్బు కట్టి, ఇంటికి తెప్పించుకొనే బేరం ఇది. చేతబట్టి చూచే వీలు లేదు. వ్రేలితో వాదర తడిమే వీలు లేదు. ఇట్టి బేరంలో కత్తి మంచిదో కాదో తెలిసికొనడం ఎట్లా అన్నది ఈ వ్యాసంలో ఒక పాలు. ఆ కత్తి మీద ఏయే కాలాల చరిత్ర కానవస్తుందో చెప్పడం రెండవ పాలు. ఈ రెండూ వేరు వేరు పనులు కావని నా అభిప్రాయం. కత్తి స్థితిని చదవడమంటే దాని చరిత్రను చదవడమే.

తెలుగు పండితునికి మంగలికత్తులతో ఏమి పని అని కొందరు మిత్రులు నవ్వుతారు. ఉద్యోగ విరమణ తరువాత వృత్తిపదాలను ఏరి వ్రాసుకొనే అలవాటు నాకు ఏర్పడింది. పొది, వాదర, పదును, నూరుడు వంటి పదాలు నిఘంటువులలో భద్రంగా ఉన్నాయి. ఆ పదాలు చెప్పే వస్తువులు మాత్రం మా రాయచోటి వీధులలోనుండి వెళ్లిపోతున్నాయి. పదం ఉండి వస్తువు లేకపోతే, కొన్నాళ్లకు పదమూ నిలువదు. అందుచేత వస్తువును వెదకడం మొదలుపెట్టాను. నాలుగైదేండ్లలో పదకొండు కత్తులు నా బల్ల సొరుగులో చేరినాయి.

ఒక మాట ముందే చెప్పవలె. 'మంగలి' అన్న పదాన్ని ఒక సామాజిక వర్గాన్ని కించపరచడానికి ప్రయోగించరాదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇచ్చి మంచి పని చేసింది. మంగళమనే శుభశబ్దంతో ముడిపడిన మాటను తిట్టుగా మార్చినది మన సమాజమే. ఈ వ్యాసంలో మనుషులను నాయీబ్రాహ్మణులనీ క్షురకులనీ వ్రాస్తాను. పనిముట్టుకు మాత్రం నిఘంటువులలో ఉన్న పాత పేరే ఉంచుతాను.

క్షురం మనకు కొత్త వస్తువు కాదు. ఋగ్వేదంలోనే దాని పదును ప్రస్తావన ఉంది. కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గంలోని కష్టాన్ని క్షురధారతో పోల్చింది. పుట్టువెంట్రుకలు తీయడం మొదలుకొని కర్మకాండ దాకా క్షురకుడు లేని సంస్కారం లేదు. మన సీమలో పెండ్లికి నాదస్వరం ఊదినదీ, పల్లెలో పుండుకు కట్టు కట్టినదీ, పురుడు పోసినదీ కూడ ఎక్కువగా ఆ ఇండ్లవారే. ఇంత పని చేసినవారి పేర్లు చరిత్రలో ఎన్ని మిగిలాయి అని వెదికితే, విజయనగర కాలపు శాసనాలలో ఒక పేరు గట్టిగా వినిపిస్తుంది. అది బాదామికి చెందిన కొండోజు పేరు.

సదాశివరాయలు 1542 నుండి 1570 వరకు పేరుకు చక్రవర్తి. అధికారమంతా అళియ రామరాయలది. కొండోజు క్షురకర్మ నైపుణ్యానికి రామరాయలు మెచ్చినాడు. ఏమి కావలెనని అడిగితే కొండోజు తనకొక అగ్రహారమో తన ఇంటికొక మాన్యమో కోరి ఊరుకోలేదు. తన వృత్తివారందరిపై ఉన్న పన్నులూ వెట్టీ తొలగిపోయేట్లు చేసినాడు. 1540ల నాటి శాసనాలు కన్నడ, తెలుగు ప్రాంతాలలో పలుచోట్ల ఈ మినహాయింపును ప్రకటిస్తున్నాయి. ఊరూరా రాతిమీద చెక్కించవలసి వచ్చిందంటే, ఆ పన్ను ఎంత బరువుగా ఉండేదో ఊహించవచ్చు. ఒక మనిషి చేతిలోని కత్తి పదును ఒక వృత్తి మొత్తానికి ఊరట తెచ్చిన సందర్భం మన చరిత్రలో అరుదు.

ఇక కత్తి లోహం సంగతి. 'ఉక్కు' మన మాట. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కు ముద్దలకోసం ఇస్ఫహాను వర్తకులు అక్కడికే వచ్చేవారు. 1820ల తొలిభాగంలో వాయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పని చూచి వ్రాసిన వృత్తాంతం 1832లో అచ్చయింది. అంతకు ముందే, 1794లో, హెలీనస్ స్కాట్ అనే వైద్యుడు బొంబాయినుండి ఇట్టి ఉక్కు నమూనాలను లండనులోని రాయల్ సొసైటీకి పంపినాడు. మరుసటి యేడు జార్జి పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం ప్రకటించినాడు. అందులో ఆ లోహానికి వాడిన పేరు 'ఊట్జ్'. అది మన ఉక్కు అన్న మాటకే వికృతరూపమని పండితులు చాలమంది భావిస్తారు.

ఆ ఉక్కును మెచ్చుకొన్న లండను కత్తులవానిపేరు జేమ్స్ స్టోడార్ట్. అతడు యువకుడైన మైకేల్ ఫారడేతో కలిసి మన ఉక్కు రహస్యం తెలిసికొనడానికి పూనుకొన్నాడు. ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటివి కలిపి చేసిన ప్రయోగాల ఫలితాలు 1820లోను, 1822లోను వెలువడినాయి. ఐదు వందల పాళ్ల ఉక్కుకు ఒక పాలు వెండి చాలునని వారు కనుగొన్నారు. తాము చేసిన మిశ్రమలోహంతో క్షురాలు చేయించి ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చినాడు. విద్యుచ్ఛక్తి శాస్త్రవేత్తగా లోకం ఎరిగిన ఫారడే అంతకు ముందు కత్తుల లోహం వెంట పడినవాడన్నమాట. ఆ తరువాత షెఫీల్డు కత్తులమీద 'సిల్వర్ స్టీల్' అన్న ముద్ర వ్యాపారచిహ్నంగా పాకిపోయింది. నా పదకొండింటిలో రెండింటిమీద ఆ ముద్ర ఉంది. ముద్ర ఉన్నంతమాత్రాన అందులో వెండి ఉన్నదని నమ్మనవసరం లేదు. అంగడివారి మాట అంగడివారి మాటే. అయినా మన ఉక్కు వెంట సాగిన ఒక పరిశోధన, మాటగా మిగిలి, సముద్రం దాటి మళ్లీ మన క్షురకుల పొదిలోకి వచ్చిందని తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది.

కనుక అమ్మకపు చిత్రంలో మొదట చూడవలసినది కత్తి మెడ. వాదరకూ తోకకూ నడుమ ఉన్న ఆ సన్నని భాగంమీదనే చేసినవాని ముద్ర ఉంటుంది. కిరీటానికి అటూ ఇటూ 'వి', 'ఆర్' అన్న అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అనగా 1837కూ 1901కీ నడుమ. 'డబ్ల్యు', 'ఆర్' ఉంటే నాలుగవ విలియం కాలం, 1830 నుండి 1837 వరకు. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టంవల్ల, మరుసటి యేటినుండి అక్కడికి పోయే సరుకుపై దేశం పేరు వేయవలసి వచ్చింది. అందుచేత 'ఇంగ్లండు' అనో 'జర్మనీ' అనో స్పష్టంగా ఉంటే సాధారణంగా 1891 తరువాతిదని చెప్పవచ్చు. 'సోలింగెన్' అన్న ఊరిపేరుకు జర్మనీలో 1938లో చట్టరక్షణ కలిగింది. ఆకారమూ కాలాన్ని చెబుతుంది. పద్దెనిమిదవ శతాబ్ది కత్తులకు తోక ఉండదు, ఉన్నా మొండిగా ఉంటుంది. పాత షెఫీల్డు కత్తి గొడ్డలి బద్దవలె దళసరిగా ఉంటుంది. పొట్ట లోపలికి గుంటగా చెక్కిన పలుచని కత్తులు పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో సోలింగెన్‌వారి చేతిలో పేరుకెక్కినాయి.

కాలం తెలిసిన తరువాత స్థితి. దీనికి నాకు దొరికిన మేలైన కొలబద్ద సుశ్రుత సంహిత. అది శస్త్రాలకు ఎనిమిది దోషాలు చెప్పింది: వంకరగా ఉండడం, మొద్దుగా ఉండడం, విరిగి ఉండడం, అంచు గరుకుగా ఉండడం, మరీ దళసరి, మరీ పలుచన, మరీ పొడుగు, మరీ పొట్టి. శస్త్రచికిత్సకు చెప్పినవే అయినా ఈ ఎనిమిదీ క్షురానికి చక్కగా అన్వయిస్తాయి.

వంకర అన్నది చిత్రంలో తేలికగా దాగుతుంది. కత్తిని ప్రక్కనుండి చూపితే తిన్నగానే కనబడుతుంది. వెన్ను పైకి ఉండేట్లు, నిలువుగా కంటికెదురుగా పట్టి తీసిన చిత్రం అడగవలె. ప్రక్కచూపులో వాదర రేఖను కూడ గమనించాలి. రేఖ నడుమ క్రిందికి కొద్దిగా ఉబ్బి ఉంటే ఫరవాలేదు, కొందరు కోరియే అట్లా చేయిస్తారు. నడుమ లోపలికి పోయి, రెండు కొనలూ దిగి ఉంటే, నూరినవాడు నడుమభాగమే ఎక్కువ నూరినాడన్నమాట. ఆ వాదర రాతిమీద సమంగా ఆనదు. కొనలను అరగదీసి సరిచేయాలంటే ఎంతో లోహం పోతుంది.

మొద్దుదనం అన్నిటికన్న చిన్న దోషం. రాయి ఉంటే తీరుతుంది. పదును పెట్టడానికి మినుముల రంగు గల నున్నని రాయిని, ఆ పదునును నిలుపడానికి బూరుగు పలకను సుశ్రుతుడు చెప్పినాడు. ఇప్పటి నూరుడు రాయి, తోలుపట్టె ఆ జంటకు వారసులే. 'పదును లేదు, కనుక చవక' అని ఎవరైనా అమ్మితే అది కొనుగోలుదారుకు లాభం.

విరుగు, బీట మాత్రం వదలిపెట్టవలసినవి. అంచు చిన్నగా పెచ్చు లేచివుంటే నూరి తీయవచ్చు. వాదరనుండి వెన్నువైపు వెంట్రుకంత బీట పోయి ఉంటే ఆ కత్తి పని అయిపోయినట్లే. ఆ బీట చిత్రంలో గీతవలె కనబడి మోసగిస్తుంది. వెలుతురు ఏటవాలుగా పడేట్లు రెండువైపులా తీసి పంపమని అడగాలి. రెండువైపులా ఒకే చోట గీత ఉంటే అది గీత కాదు, బీట.

గరుకు అంచుకు పెద్ద కారణం తుప్పు. ఎర్రని పైతుప్పు భయపడవలసినది కాదు. నల్లగా, నీలంగా పట్టిన పాతరంగు లోహానికి కొంత రక్షణే. చూడవలసినది గుంటలు. వెన్నుదగ్గర గుంటలున్నా గొరగడానికి అడ్డు లేదు. వాదరకు రెండు మూడు మిల్లీమీటర్లలోపల గుంటలుంటే, నూరేకొద్దీ అవి అంచుకు వచ్చి రంపపు పళ్లుగా తేలుతాయి.

దళసరి, పలుచన అన్న దోషాల దగ్గర క్షురానికున్న ఒక విశేషం చెప్పవలె. నూరేటప్పుడు దాని వెన్నూ వాదరా రెండూ రాతిమీద ఆనుతాయి. వెన్నే కోణాన్ని నిలుపుతుంది. వెన్ను మందం కత్తి వెడల్పులో మూడో వంతుకూ నాలుగో వంతుకూ నడుమ ఉంటే, కోణం పదిహేను పదహారు డిగ్రీల దరిదాపుల వస్తుంది. కత్తి అరిగి వెడల్పు తగ్గినా, దానితోబాటు వెన్నూ అరుగుతుంది కనుక కోణం చెడదు. వెడల్పు తగ్గకుండ వెన్ను మాత్రమే పలుచనైతే అంచు నిలువక రాలిపోతుంది. యంత్రపు సానమీద పెట్టి వాదరను మాత్రం తీసివుంటే కోణం మొద్దుదేరుతుంది. అమ్మేవారిని ఈ రెండు కొలతలు మిల్లీమీటర్లలో అడగండి. చెప్పగలిగినవాడు కత్తిని చూచినవాడు. చెప్పలేనివాడు సంచిలోనుండి తీసి అమ్ముతున్నవాడు.

పొడుగు, పొట్టి విషయంలో కొనను చూడాలి. విరిగిన కొనను అరగదీసి గుండ్రంగా చేసి, అదే అసలు ఆకారమని అమ్మేవారున్నారు. ముడిచినప్పుడు కత్తికొన పిడి చివరికి ఎంత దూరంలో ఆగుతున్నదో చూస్తే పొట్టిదైనది తెలిసిపోతుంది.

ఈ ఎనిమిది దోషాలలో మెరుపు లేకపోవడం లేదు. శస్త్రానికి ఉండవలసిన గుణాలలో సుశ్రుతుడు మంచి రూపాన్ని చెప్పినమాట నిజం. మంచి పట్టు, మంచి లోహం, మంచి ధార అన్నవి దానికి తోడుగా చెప్పినాడు. రూపం వేరు, మెరుపు వేరు. అంతర్జాలపు అంగడిలో మాత్రం మెరుపుకే వెల. మూడు వందల రూపాయలకు దొరికే నల్లని కత్తిని యంత్రపు గుడ్డచక్రంమీద అద్దంవలె తోమి, పదింతలకు అమ్ముతున్నారు. తోమినప్పుడు గుంటల అంచులు మెత్తబడి కంటికి కనబడవు, గుంటలు మాత్రం ఉంటాయి. మెడమీది ముద్ర అక్షరాలు మాసిపోతాయి. అన్నిటికన్న పెద్ద నష్టం వేడివల్ల. పలుచని అంచు చక్రంమీద క్షణంలో వేడెక్కుతుంది. మూడు వందల డిగ్రీల దరిదాపులకు పోతే నీలిరంగు తేలి, ఉక్కు తన గట్టిదనం కోల్పోతుంది. ఆ నీలిని కూడ తోమివేస్తే ఇక చిత్రంలో ఏమీ తెలియదు. అందుచేత అక్షరాలు అరిగి, ఒంపులు గుండ్రబడి, ఒళ్లంతా అద్దంవలె ఉన్న పాతకత్తిని నేను కొనను.

నా కత్తులలో అన్నిటికన్న సన్ననైన దానిని మా ఊరిలో డెబ్బదియైదేండ్లు దాటిన ఒక నాయీబ్రాహ్మణ పెద్దాయనకు చూపినాను. మెడదగ్గర మిగిలిన భుజాన్నిబట్టి అది మొదట పంతొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు, ఇప్పుడు పన్నెండు. తెచ్చి ఇచ్చినవాడు 'ఇది పోయిన కత్తి' అని తూకానికి అమ్మినాడు. పెద్దాయన దానిని వెలుతురుకు పట్టి, వెన్ను రెండువైపులా బొటనవ్రేలితో నిమిరి, గోటితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకొన్నాడు. ఖణేలుమన్న నాదం సాగింది.

"ఏమంటావు పెద్దాయనా, పోయినట్లేనా?" అన్నాను.

"ఎవురు జెప్పినారు అయ్యవారూ పోయిందని? అరిగింది, అంతే. అరిగేది వేరే, చెడేది వేరే. ఎన్ను రెండుపక్కలా ఒగటే మాదిరి అరిగుండాది సూడు. ఒగ చెయ్యే నూరినాది దీన్ని, శానా ఏండ్లు. చెయ్యి తెలిసినోడు."

ఈ మాట ఏ గ్రంథంలోనూ నాకు కనబడలేదు. ఏడు మిల్లీమీటర్ల ఉక్కు ఊరికే పోలేదు. రోజూ రాతిమీద కంటికి కనబడనంత, తోలుమీద అంతకన్న తక్కువగా పోయింది. ఆ లెక్కన ఆ కత్తి ముందు ఎన్ని వేల గడ్డాలు కూర్చొని లేచి ఉంటాయో! మెడమీద చేసినవాని పేరుంది, ఊరుంది. నూరినవాని పేరు లేదు. అతని సంతకం ఆ సమంగా అరిగిన వెన్నే. కత్తిని తోమి మెరిపించేవాడు మొదట చెరిపేది ఆ సంతకాన్నే.

పిడిమాట కూడ చెప్పి ముగిస్తాను. కొమ్ము పిడి పాతబడితే పెచ్చులు లేస్తుంది, పురుగు తింటుంది. ఎముక పిడిలో సన్నని నల్లని చుక్కలూ గీతలూ కనబడతాయి. దంతంలో ఆ చుక్కలుండవు. కోసిన ముఖంమీద ఒకదానినొకటి దాటే వంపుగీతలుంటాయి. దంతపు పిడి అని ప్రకటిస్తే దూరంగా ఉండడం మంచిది: మన దేశంలో 1986 నాటి చట్టసవరణ భారతీయ దంతపు వ్యాపారాన్నీ, 1991 నాటి సవరణ దిగుమతి అయిన ఆఫ్రికా దంతపు వ్యాపారాన్నీ నిషేధించినాయి. సెల్యులాయిడ్ పిడి అయితే మరొక జాగ్రత్త. అది కుళ్లడం మొదలైతే ఆమ్లపు ఆవిరి విడిచి, ముడిచి ఉంచిన కత్తినే తినివేస్తుంది. పిడి నడుమ ఉండే భాగంలో మాత్రమే తుప్పు దట్టంగా ఉంటే కారణం అదే. శీల వదులైనా ఫరవాలేదు. ముడిచినప్పుడు వాదర పిడి ప్రక్కలను తాకకుండా నడుమకు దిగాలి.

ఈ కత్తులు ఇప్పుడు ఇంత చవకగా బయటపడడానికి కారణాలున్నాయి. జిల్లెట్ తన పారవేసే బ్లేడును 1903లో అంగడికి తెచ్చినాడు. ఇంటిలో గొరుగుకొనే అలవాటు దానితో పెరిగింది. అయినా మన ఊళ్లలో చెట్టుక్రింద, అరుగుమీద మంగలికత్తి చాలకాలం బ్రతికింది. 1986లో మన దేశంలో తొలి హెచ్.ఐ.వి. సోకిన వారిని చెన్నైలో గుర్తించిన తరువాత, ఒకరి రక్తం తగిలిన కత్తి మరొకరికి తగలరాదన్న ఎరుక పల్లెలకు చేరింది. మనిషికొక సగం బ్లేడు తొడిగే పిడి వచ్చింది. తిరుమల కల్యాణకట్టలోనూ నేడు వాడేది సగం బ్లేడే. ఇది రావలసిన మార్పే. ప్రాణంకన్న కత్తి గొప్పది కాదు. అందుచేతనే నేను సేకరించిన కత్తితో ఎవరికీ గొరగనివ్వను, నేనూ గొరుగుకొనను. గొరుగుకొనదలచినవారు మొదట క్రిమినాశక ద్రవంతో శుద్ధిచేసి, ఒక్కరే వాడుకొనాలి.

అయితే బ్లేడు వచ్చినాక నూరే పని పోయింది. నూరే పని పోతే, అరుగు చదివే కన్నూ పోతుంది. ఆ పెద్దాయన మనుమలిద్దరూ మంచి పనివారు, పట్టణంలో అంగడి నడుపుతున్నారు. వారికి నూరడం రాదు, రావలసిన అవసరమూ లేదు. వారి ముత్తాత కత్తిని పాతఇనుము వాడికి వేసినారట. అది ఎక్కడో తోమబడి, ఎవరో దూరదేశపు సేకర్త అద్దాల బీరువాలో మెరుస్తూ ఉండవచ్చు.

కావున నా మనవి రెండు మాటలు. కొనేవారు బీటనూ, వాదరదగ్గరి గుంటలనూ, వేడి తగిలిన జాడనూ చూచి వదలుకొండి. సమంగా అరిగిన కత్తిని మాత్రం అరిగిందని వదలుకొనకండి. ఇంటిలో తాతలనాటి పొది ఉన్నవారు దానిని తూకానికి వేయకముందు, ఊరిలో నూరడం తెలిసిన పెద్దవారు ఎవరైనా ఉంటే ఒకసారి చూపి, వారు చెప్పినది కాగితంమీద వ్రాసి, తాతగారి పేరుతో సహా ఆ పొదిలోనే పెట్టండి. కొండోజు పేరు రాతిమీద మిగిలింది. మిగిలినవారి పేర్లకు కాగితమైనా దొరకాలి గదా!